పెద్దాయన లెక్క

ఔటర్ రింగ్ రోడ్డు మీద లోపలి వరసల్లో కారును గంటకు 120 కిలోమీటర్లదాకా పోనిస్తారు. అరగంటసేపు ఆ వేగంలో వచ్చిన కాలు, ఎగ్జిట్ దిగి, సర్వీసు రోడ్డు దాటి, కాలనీ లోపలికి వచ్చాక కూడా యాక్సిలరేటర్ మీంచి అంత తేలిగ్గా లేవదు. 45లో పోతున్నా నడిపేవాళ్ళకు నత్తనడకలాగే ఉంటుంది. కన్ను ఇంకా ఆ పెద్దరోడ్డు వేగానికే అలవాటుపడి ఉంటుంది. హైదరాబాద్ పడమటి అంచున ఔటర్‌ను ఆనుకుని లేచిన విల్లా కాలనీలన్నింటికీ ఈ చిక్కు ఉంది. మా కాలనీకీ ఉంది. లోపలికి రాగానే ‘20 కి.మీ. మించరాదు’ అని బోర్డు కనిపిస్తుంది. దాన్ని బిల్డరు పాతి వెళ్ళాడు. ఆ మాట చెల్లుబాటు కావడానికి ఆ తర్వాత ఎవరూ ఏ ఏర్పాటూ చేయలేదు.

ఆ రోడ్డు మీదే ఒక పొద్దున, మా వరసలో నాలుగిళ్ళలో పనిచేసే ఆమెను కారు కొట్టి వెళ్ళిపోయింది. మొదటి ఇంట్లో అంట్లు తోమి రెండో ఇంటికి పోతోంది. క్లబ్‌హౌస్ మలుపు దగ్గర ఫుట్‌పాత్ మీద ఎప్పుడూ కార్లు పెట్టి ఉంటాయి కాబట్టి రోడ్డు అంచున నడుస్తోంది. పక్కనుంచి పోయిన కారు అద్దం మోచేతికి తగిలి ఆమె పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. ఆమె బతుకంతా ఆ చేతిలోనే ఉంది. నేను వెళ్ళేసరికి ఎవరో మెట్ల మీద కూచోబెట్టి నీళ్ళు తాగిస్తున్నారు. చీర కుచ్చిళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. విరిగిన చేతిని ఎడమచేత్తో పట్టుకుని, “రెండో ఇంటమ్మకు ఫోన్ చేసి జెర లేటయితదని చెప్పుండ్రమ్మా” అని అడుగుతోంది.

ఏ బండి అని అడిగితే, “తెల్లదమ్మా, పెద్దది” అంది. మా కాలనీలో పెద్ద తెల్లకారు లేని వరస లేదు. మలుపులో సీసీ కెమెరా ఉంది గానీ ఆ పూట అది రికార్డు చేయలేదన్నారు.

మర్నాడే అసోసియేషన్ అత్యవసర సమావేశం పెట్టింది. అంత త్వరగా పెట్టినందుకు నాకు సంతోషమనిపించింది. వచ్చినవాళ్ళ ఆందోళన కూడా నిజమైనదే. సాయంత్రమైతే పిల్లలు సైకిళ్ళతో రోడ్డెక్కుతారు, పొద్దున్నే పెద్దవాళ్ళు నడకకు వస్తారు. అధ్యక్షులు లేచి, “మనవి ప్రైవేటు రోడ్లు. ట్రాఫిక్ పోలీసులు లోపలికొచ్చి చలాన్లు రాయరు. మనల్ని మనమే కాపాడుకోవాలి” అన్నారు. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో బహిరంగ స్థలమంటే జనానికి వెళ్ళే హక్కున్న చోటు. గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి పంపే రోడ్డు అందులోకి వస్తుందా రాదా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. వాదన తేలేదాకా కార్లు ఆగవు కదా. కాబట్టి వేగాన్ని అదుపుచేయాల్సిన బాధ్యత నెలనెలా మెయింటెనెన్సు వసూలుచేసే సంఘానిదే.

ఎవరి వేగాన్ని అదుపుచేయాలన్నది మాత్రం క్షణంలో తేలిపోయింది. “డెలివరీ కుర్రాళ్ళండీ, వాళ్ళకు ఒళ్ళు తెలీదు” అన్నారు ముందు వరసలోంచి ఒకరు. నాలుగువైపుల నుంచీ అవునవునన్నారు. ఆమె చెప్పింది తెల్లకారని నేను గుర్తుచేశాను. “ఏదో క్యాబ్ అయి ఉంటుంది లెండి” అన్నారు కార్యదర్శి. డెలివరీ బండ్లు గేటు దగ్గరే ఆగాలనీ, కుర్రాళ్ళు నడిచివచ్చి సరుకు ఇవ్వాలనీ తీర్మానం రాసుకున్నారు. గేటు నుంచి చివరి వరస దాదాపు కిలోమీటరు. పది నిమిషాల్లో కొత్తిమీర కావాలని ఫోన్లో నొక్కేది మనం. మిట్టమధ్యాహ్నం ఎండలో భుజాన సంచీతో ఆ కిలోమీటరూ పరుగెత్తుకొచ్చేది ఇంటర్ చదివి ఆపేసిన పిల్లలు. ఆ చెమట చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది.

రెండో తీర్మానం స్పీడ్‌బ్రేకర్ల గురించి. స్పీడ్‌బ్రేకరుకు ఒక లెక్క ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఆ లెక్కను 1988లోనే అచ్చువేసింది. బండి పోయే దిశలో 3.7 మీటర్ల నిడివి, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండేట్టు గుండ్రంగా కట్టాలి. అలా కడితే కారు పాతిక వేగానికి దిగితేగానీ కుదుపు లేకుండా దాటలేదు. ముందుగా హెచ్చరిక బోర్డు, మిట్ట మీద చీకట్లో కూడా కనబడే రంగు ఉండాలి. మా కాంట్రాక్టరు నలుపూ పసుపూ రబ్బరు దిమ్మలు తెచ్చి రోడ్డుకు బిగించాడు. అలాంటి ఇరుకు దిమ్మలు మెల్లగా పోయే స్కూటరు మీది మనిషిని ఎగరేస్తాయి గానీ, వేగంగా వచ్చే పెద్ద కారును అంతగా కదిలించవు. స్ప్రింగులే ఆ కుదుపును మింగేస్తాయి.

వాటినైనా ఎక్కడ పెట్టాలన్న దగ్గర రెండు గంటలు గడిచాయి. అందరికీ కావాలి, ఎవరి ఇంటి ముందూ వద్దు. ఒకరింట్లో పసిపాప ఉంది, రాత్రిళ్ళు చప్పుడుకు ఉలిక్కిపడుతుందట. ఒకరికి నడుంనొప్పి. ఒకాయన వాస్తు అడ్డమొచ్చిందన్నారు. అవన్నీ అబద్ధాలని నేననను. కానీ ఆమె పడిన మలుపులో, ఎదురింటివాళ్ళు ఒప్పుకోలేదని, దిమ్మ పెట్టలేదు. ఒకటి మురుగునీటి శుద్ధి ప్లాంటు గోడ పక్కన, ఇంకొకటి ఇళ్ళు లేవని ఖాళీ ప్లాట్ల మధ్య బిగించారు. నడిచే మనిషి ఉండని రెండు చోట్లకు సంఘం డబ్బు పోయిందని నాకు ఇప్పటికీ బాధే.

ఇదంతా వెనక వరసలో కూచుని ఒకాయన విన్నారు. కాలనీలో అందరూ ఆయన్ను పెద్దాయన అంటారు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళకు పైగా బస్సు నడిపి, రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నారు. ఒక్క ప్రమాదం లేకుండా సర్వీసు పూర్తిచేసినందుకు రోడ్డు భద్రతా వారోత్సవాల్లో ఇచ్చిన ప్రశంసాపత్రం ఆయన గదిలో మంచం ఎదురుగా ఉంటుంది. ఆ రోజు చెయ్యెత్తారు. “తల్లిదండ్రులూ, అద్దెకున్నవాళ్ళూ వినొచ్చండీ. మాట్లాడేది మాత్రం సభ్యులే” అని కార్యదర్శి మర్యాదగానే చెప్పారు. ఆయన చెయ్యి దించేశారు.

తర్వాతి సోమవారం నుంచి క్లబ్‌హౌస్ మలుపు ముందున్న సిమెంటు బెంచీ మీద కనబడసాగారు. మేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చి, 50 మీటర్లు కొలిచి, రెండు కొసలా రోడ్డంచు రాళ్ళ మీద సుద్దముక్కతో గీతలు గీశారు. చేతిలో మనవరాలు స్టాప్‌వాచ్ తెరిచిచ్చిన ఫోను, ఒళ్ళో రూళ్ళ నోటుబుక్కు. బండి మొదటి గీత దాటగానే ఒకసారి నొక్కుతారు, రెండో గీత దాటగానే మళ్ళీ నొక్కుతారు. నొక్కి రాసుకుంటారు. అక్షరాలు ముత్యాల్లా ఏమీ ఉండవు, కానీ ఒక్క కొట్టివేత కూడా కనబడదు.

“ఏం లెక్క బాబాయిగారూ ఇది?” అని అడిగాను.

“నూట ఎనభైని సెకన్లతోని భాగించుడే బిడ్డా. తొమ్మిది సెకన్లు పట్టిందనుకో, ఇరవై స్పీడు. ఆరు పట్టిందా, ముప్పై. నాలుగే పట్టిందా, నలభై అయిదు. గంత అల్కగనే ఉంటది.”

ఇంటికొచ్చి కాగితం మీద వేసి చూశాను. సరిగ్గా సరిపోయింది. 50 మీటర్ల దూరానికి అంతకన్నా సులువైన సూత్రం ఏ ఇంజినీరూ చెప్పలేడు.

ఇంకో పొద్దున ఆయన చెప్పింది నేను మరిచిపోలేను. “ముప్పైల వచ్చేటోడు మనిషిని జూసి, కాలు బ్రేకు మీదికి తెచ్చి, తొక్కి, బండి పూర్తిగ ఆపేసరికి పదమూడు మీటర్లు అయితది. యాభైల వచ్చేటోనికి మనిషిని జూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికే పద్నాలుగు మీటర్లు అయిపోతది. సమజైందా? గీయన ఆగిన కాడికి వచ్చేసరికి గాయన ఇంక బ్రేకే తొక్కలే. యాభైకి యాభై మీదనే గుద్దుతడు.” చెబుతూ చెబుతూ కుడిపాదాన్ని చెప్పు మీంచి ఎత్తి, లేని బ్రేకును నేల మీద తొక్కి చూపించారు. నడిచేవాళ్ళూ బండ్లూ కలిసి తిరిగే చోట వేగం 30 దాటనివ్వొద్దని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో కూడిన దేశాల మంత్రులు ప్రకటించారు. పెద్దాయన అది చదివి ఉండరు. ఆ సంగతి ఆయనకు డిపో నేర్పింది, ముప్పై ఏళ్ళ రోడ్డు నేర్పింది.

పనిచేసే ఆమె నాలుగో వారానికి కట్టుతోనే మళ్ళీ వచ్చింది. తోమడానికి కూతుర్ని వెంటబెట్టుకొచ్చేది, బడి మానిపించి. ఆ మలుపులో వాళ్ళిద్దరూ దాటాలంటే పెద్దాయన బెంచీ మీంచి లేచి, రోడ్డు మధ్యకు వచ్చి, బస్సును వెనక్కి తీయించేవాడిలా చెయ్యి అడ్డంపెట్టి, వాళ్ళు దాటాక వచ్చి కూచునేవారు. ఒకరోజు ఆమె నోటుబుక్కులోకి తొంగిచూసి, “నాకు సదువు రాదు గని పెద్దయ్యా, మంచిగ రాయి. నీ కాయితం జూసన్న వీళ్ళు మెల్లగ పోతరేమో” అంది. ఆయన తలాడించి ఇంకో గీత కొట్టుకున్నారు.

నెల తిరిగేసరికి నోటుబుక్కు నిండింది. నాకు చూపించారు. క్యాబులు ఇంటి నంబర్లు వెతుక్కుంటూ పోతాయి కాబట్టి చాలావరకు పాతికకు లోపే ఉన్నాయి. వేగంగా పోయిన బండ్లలో ఎక్కువ వాటికి ముందద్దం మీద మన గేటు స్టిక్కరే ఉంది. వేళ కూడా తేలింది, పొద్దున ఏడున్నరకూ ఎనిమిదిన్నరకూ మధ్య. స్కూలు బస్సు గేటు దగ్గరకు వచ్చేదీ, ఆఫీసులకు బయల్దేరేదీ అప్పుడే. ఆ గంటలో ఇరవై దాటనిది చెత్తబండి ఒక్కటే. అన్నిటికన్నా ఎక్కువ వేగం మూడున్నర సెకన్లది, అంటే 51. రెండుచోట్ల ‘స్కూటీ, మీసం రాని పిలగాడు’ అని రాసి ఉంది. ఆ పిల్లవాడు ఎవరినైనా గుద్దితే, 2019లో చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన నిబంధన ప్రకారం జైలుకు పోవాల్సింది తండ్రి, మూడేళ్ళదాకా. కొనిచ్చిన ఇంట్లో ఆ సంగతి తెలుసో తెలియదో.

సర్వసభ్య సమావేశంలో నా వంతు వచ్చినప్పుడు, నా సమయాన్ని పెద్దాయనకు ఇస్తున్నానన్నాను. కార్యదర్శి అధ్యక్షుడి వైపు చూశారు. అధ్యక్షులు సరేనన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, నోటుబుక్కు రెండు చేతులా పట్టుకుని ఆయన మైకు ముందుకు వచ్చారు. ఎలా కొలిచిందీ చెప్పారు. ఏ వేళలో ఎంత వేగమో చదివారు. ఇంటి నంబర్లు చదవలేదు. “నంబర్లు చెప్పండి, దాపరికం దేనికి?” అని ఎవరో గట్టిగా అడిగారు.

“వేరేటోళ్ళ నంబర్లు నేను చెప్ప సారూ. మా ఇంటిది ఒక్కటి చెప్త. మా కొడుకు బండి నాలుగున్నర సెకన్లు, నలభై. ఫైను ఏసుడంటూ ఉంటే మా ఇంటికెల్లి మొదలుపెట్టుండ్రి.”

రెండో వరసలో ఉన్న కొడుకు తలదించుకున్నాడు. హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకరు చప్పట్లు కొడితే అందరూ కొట్టారు. ఆయన మూడే అడిగారు. మలుపులో కొలత ప్రకారం మిట్ట కట్టించాలి. ఫుట్‌పాత్ మీది కార్లు తీయించాలి. స్టిక్కరున్న బండి ఇరవై దాటితే ఇంటి బిల్లులో జరిమానా కలపాలి, అది ఎవరి ఇల్లయినా సరే.

అధ్యక్షులు లేచి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నారు. “ఈ కాలనీలో ఇంత శాస్త్రీయంగా పనిచేసినవాళ్ళు లేరు. కార్యవర్గం ఈ లెక్క ఆధారంగానే నిర్ణయం తీసుకుంటుంది” అని అందరి ముందూ మాటిచ్చారు. ఎక్కడినుంచి తెప్పించారో, శాలువా కప్పారు. నోటుబుక్కు కార్యవర్గం దగ్గర ఉంచుకున్నారు. ఆ రాత్రి ఇంటికి నడిచి వస్తుంటే నాకు నిజంగా గుండె నిండిపోయింది. ఒక మనిషి టేపుతో, సుద్దముక్కతో ఒక సంఘాన్ని కదిలించగలిగాడని నమ్మాను. పెద్దాయన శాలువా మడతపెట్టి చంకలో పెట్టుకుని, “మిట్ట పోసేటప్పుడు నేను దగ్గరుండి ఎత్తు చూసుకుంట బిడ్డా. నాలుగు వేళ్ళు ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే” అన్నారు.

పదిరోజుల తర్వాత నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వచ్చింది. అదే మా అందరి ఫోన్లకూ వచ్చింది.

‘సభ్యులకు విజ్ఞప్తి. క్లబ్‌హౌస్ మలుపు వద్ద నెల రోజులపాటు జరిపిన శాస్త్రీయ అధ్యయనంలో, ఉదయం 7.30 నుంచి 8.30 గంటల మధ్య వాహనాల వేగం అత్యధికంగా ఉన్నట్లు తేలింది. కావున అందరి భద్రత దృష్ట్యా, సదరు సమయంలో ఇంటి పనివారు, తోటపనివారు, పిల్లలు, వయోవృద్ధులు ప్రధాన రహదారిపై నడవరాదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఉల్లంఘించిన పనివారి గేటు పాసు నిలిపివేయబడును. అధ్యయనం జరిపిన పెద్దలకు కార్యవర్గం హృదయపూర్వక కృతజ్ఞతలు తెలుపుతోంది.’

చివర పెద్దాయన పేరు, ఇంటి నంబరుతో సహా ఉంది.

మర్నాడు మా అమ్మాయిని బస్సెక్కించడానికి గేటు దగ్గరికి వెళ్ళాను. ఏడూ నలభై అయింది. సెక్యూరిటీ గది పక్కన గోడ నీడలో పదిమందిదాకా ఆడవాళ్ళు ఎనిమిదిన్నర ఎప్పుడవుతుందా అని నిలబడి ఉన్నారు. ఆమె కూడా ఉంది. కట్టు విప్పారు గానీ మణికట్టు ఇంకా వాచే ఉంది. ఎనిమిదింటికల్లా రాకపోతే వేరేవాళ్ళను పెట్టుకుంటామని రెండో ఇంటివాళ్ళు చెప్పారట. లోపలి వైపు నుంచి పెద్దాయన గబగబా వస్తున్నారు. గార్డు ఎదురెళ్ళి, “సార్, ఈ టైంల మీరు కూడా రోడ్డు మీదికి రావద్దు, ఆర్డర్ ఉంది” అంటున్నాడు. ఆయన వినిపించుకోకుండా ఆమె దగ్గరకు వచ్చి నిలబడ్డారు. ఏదో చెప్పబోయారు.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

“ఈ సెక్యూరిటీ సారు చదివి చెప్పిండు. గా కాయితం నువ్వు రాసిందేనంట గద పెద్దయ్యా?”